చెప్పులు విప్పి గేలి చేస్తారా?

ఆ రోజుల్లో నాకు ఉద్యోగం కన్నా మెడలో వేలాడే కార్డంటేనే ఎక్కువ మోజు. ఖరగ్‌పూర్‌లో, ఇందా అనే పేటలో, ఒక మిఠాయి దుకాణం పైన రెండు గదుల్లో నడిచే వార్తల వెబ్‌సైటు మాది. కింద రసగుల్లాల పాకం కాగుతుంటే పైన మేం వార్తలు కాచేవాళ్ళం. మా వార్తల కన్నా ఆ పాకమే చిక్కగా ఉంటుందని ఊళ్ళో గిట్టనివాళ్ళు అనేవారు. జర్నలిజం డిప్లొమా పట్టుకుని కొత్తగా చేరినదాన్ని కదా, లోకంలో ఏది నిజమో ఏది అబద్ధమో తేల్చే భారం నా నెత్తినే ఉందని గట్టిగా నమ్మేదాన్ని. (నిజానికి నా నెత్తిన ఉన్న భారం ఫోటోల కింద ఓ ముక్క టైపు చేయడం, సాయంత్రం అందరికీ టీ చెప్పడం.) గోల్‌బజార్‌కి పెరుగు కోసం వెళ్ళినా ఆ కార్డు నా మెడలోనే ఉండేది. "ఏటే, ఆ కార్డు సూపిస్తే పెరుగు పుల్లబడదేటి?" అని మా నాన్న అరుగు మీద నుంచి అడిగేవాడు. నేను పెద్ద పెద్ద పాత్రికేయులు ఎలా నడుస్తారో అలా నడిచి వెళ్ళిపోయేదాన్ని. వాళ్ళెలా నడుస్తారో నాకు తెలియదు, అది వేరే సంగతి.

మా ఆఫీసుకి పెద్ద ఒక బెంగాలీ పెద్దమనిషి. ఆయన్ని అందరం ప్రూఫ్ దా అనేవాళ్ళం, బెంగాలీలో దా అన్నా దాదా అన్నా అన్నయ్యే. ఎవరు ఏం చెప్పినా "ప్రూఫ్ కోథాయ్?" అనేవాడు, అంటే రుజువేదీ అని. బయట వాన పడుతోందని చెబితే కిటికీలోంచి చెయ్యి చాపి, తడిసిన చెయ్యి చూసుకుని, అప్పుడు నమ్మేవాడు. రెండో ఆయన జూమ్ దా, మా ఫోటోగ్రాఫర్. గొడవ జరిగే చోటికి ఎప్పుడూ దగ్గరగా వెళ్ళడు. రోడ్డుకి అవతల ఏ పాన్ దుకాణం నీడనో నిలబడి, పొడుగాటి లెన్సుతో దూరం నుంచే మనుషుల ముఖాలు లాక్కునేవాడు. దెబ్బలు తినని ఫోటోగ్రాఫరే పదికాలాలు ఫోటోలు తీస్తాడన్నది ఆయన సిద్ధాంతం.

ఇక ఈ కథకి మూలమైన మనిషి మా మేనత్త. మా నాన్నకి అక్క. తాతల నాడు శ్రీకాకుళం వైపు నుంచి రైల్వే పనికి వచ్చి ఇక్కడే పాతుకుపోయిన క్రైస్తవ కుటుంబాలు మావి. మా లైను క్వార్టర్లలో సగం ఇళ్ళు అలాంటివే. అత్త ఇల్లు మా ఇంటికి నాలుగు గుమ్మాల అవతల, కానీ ఆవిడ గొంతు మా ఇంట్లోనే కాపురముండేది. లైనంతా ఆవిడని మైకత్త అనేది. చర్చిలో పాస్టరుగారు ఓ మంచి మాట చెప్పి, "అవునా కాదా?" అన్నట్టు ఒక్క క్షణం ఆగుతారు చూడండి, ఆ ఖాళీలో పడే మొదటి ఆమెన్ మా అత్తది. ఆవిడ అన్నాక గాని మిగతావాళ్ళకి ధైర్యం వచ్చేది కాదు. చెయ్యి పైకెత్తి, అరచెయ్యి ముందుకి చాపి, నోరంతా తెరిచి "ఆ...మెన్!" అంటే కిటికీ మీది పావురాలు లేచిపోయేవి.

ఆ వేసవిలో మా లైనుకి నీళ్ళు రావడం మానేశాయి. పాత పైపులు, ఎక్కడ చిల్లు పడిందో ఎవరికీ తెలియదు. కుళాయి తిప్పితే ముందు గాలి, తర్వాత తుప్పు, ఆ తర్వాత మన అదృష్టం. అందరూ కలిసి క్వార్టర్ల పక్క మైదానంలో నిరసన సభ పెట్టారు. ముఖ్యవక్త కార్మిక నాయకుడైన మరో బెంగాలీ దాదా. మా లైను వాళ్ళు ఆయనకి కామా బాబు అని పేరు పెట్టుకున్నారు, ఎందుకంటే ఆయన ప్రతి మాట తర్వాతా ఓ కామా పెట్టి, చప్పట్లు పడేదాకా ఆగుతాడు. "పానీ, హమారా, హక్ హై!" అని హిందీలో అన్నాడంటే, ఆ మూడు ముక్కల మధ్యలో మనం ఇంటికెళ్ళి పొయ్యి కట్టేసి రావచ్చు. మా అత్త చర్చి స్త్రీల సమాజాన్నంతా వెంటబెట్టుకుని ముందు వరసలో కూర్చుంది. నన్ను ఆ రోజు వేరే వార్తకి ఊరి బయట సాలువా అనే చోటికి పంపారు. నేనే గనక మైదానంలో ఉంటే ఈ కథ ఉండేది కాదని ఇప్పటికీ అనుకుంటాను. (ఉంటే ఇంకో కథ ఉండేదని మా నాన్న అంటాడు.)

మర్నాడు పొద్దున్న మా వెబ్‌సైటులో మా అత్త కనిపించింది. నడుము దాకా ఫోటో. నోరు బావిలా తెరుచుకుని ఉంది, చెయ్యి గాల్లోకి లేచి "చాల్లే, దిగు కిందకి!" అంటున్నట్టు వేదిక వైపు చాచి ఉంది. కింద జూమ్ దా రాసిన ముక్క: 'నీటి నిరసన సభలో నాయకుణ్ణి గేలి చేస్తున్న మహిళ.' చూస్తే నిజంగానే గేలి చేస్తున్నట్టే ఉంది. నా అత్తే కాకపోతే నేనూ అదే ముక్క టైపు చేసి ఉండేదాన్ని.

మధ్యాహ్నానికి కామా బాబు దగ్గర నుంచి మా లైనుకి కబురొచ్చింది. సోమవారం ఆయన నీళ్ళ అర్జీ పట్టుకుని రైల్వే ఇంజనీర్లతో మాట్లాడబోతున్నాడు. వేదిక మీద ఉన్నప్పుడే ఆవిడ చెయ్యి ఊపడం చూశాడట, కానీ మైకు పెట్టెలన్నీ జనం వైపు మోగుతుండటంతో ఆవిడ ఏమందో వినపడలేదట. ఇప్పుడు ఫోటో చూశాక అర్థమైందట. మాట్లాడే ప్రతిసారీ లేచి తనని దిగమన్న మనిషి క్షమాపణ చెబితే గాని మీ లైను పేరు అర్జీలో ఎత్తనన్నాడు.

సాయంత్రం అత్త గుమ్మం ముందు చిన్న సభే జరిగింది. పక్కన కూర్చున్న ఆడవాళ్ళందరికీ ఆవిడ ఆమెన్ అన్న సంగతి తెలుసు. తెలిసినా నీళ్ళు కావాలి కదా. "అక్కా, ఒక్క సారీ అనీయవే. నోటి ముత్యాలు రాలిపోవు గదా" అని మా నాన్న బతిమాలాడు.

"ఏటిరా నువ్వనేది? ఆయన మంచి మాట సెప్పినాడు, నాను ఆమెన్ అన్నాను. ఇప్పుడు సారీ అంటే పైనున్నోడు ఏటనుకుంటాడు? ఇచ్చిన ఆమెన్ ఎనక్కి తీసీసుకున్నట్టు కాదేటి?" అంది అత్త.

"మరి నీల్లో?"

"నీల్లు లేకపోతే మోసుకొస్తాను. దేవుడి కాడ మాట మార్సీలేను."

అలా అందే గాని, గేలి చేసిందన్న మాట ఆవిడకి లోపల ఎంత గుచ్చుకుందో ఆ సాయంత్రం ప్రార్థన కూటంలో తెలిసింది. పాస్టరుగారు వాక్యం చెప్పి, అలవాటుగా ఆగారు. ఖాళీ వచ్చింది. అత్త వెనక వరసలో పైట చెంగు నోటికి అడ్డం పెట్టుకుని కూర్చుంది. ఎవరూ ఏమీ అనలేదు. పాస్టరుగారు దగ్గారు, కళ్ళజోడు తుడుచుకున్నారు, అదే మాట మళ్ళీ చెప్పి మళ్ళీ ఆగారు. ఊహూఁ. ఆయన ముఖం చూస్తే జాలేసింది. బయటికొచ్చాక "అదేంటత్తా?" అంటే, "నా నోరు తెరిస్తే జనానికి గేలిలా అగుపడతందట గదే. ఎందుకొచ్చిన నోరు" అంది. మైకత్త అంత మెల్లగా మాట్లాడగలదని నాకు అదివరకు తెలియదు. ఆ రాత్రి, నీళ్ళు వస్తే రానీ, పోతే పోనీ, మా అత్త నోరు మా అత్తకి ఇప్పించాల్సిందే అనుకున్నాను.

పొద్దున్నే మెడలో కార్డు సవరించుకుని ప్రూఫ్ దా ముందు నిలబడ్డాను. అది గేలి కాదని, ఫోటో తీసేసి సవరణ వేయాలని చెప్పాను. సవరణ అంటే ఆయనకి పన్ను పీకించుకున్నంత బాధ. "ప్రూఫ్ కోథాయ్?" అన్నాడు. పక్కనున్న ఆడవాళ్ళంతా సాక్షులే అన్నాను. "వాళ్ళంతా మీ లైను వాళ్ళు, నువ్వు ఆమె మేనకోడలివి. నా దగ్గర ఫోటో ఉంది. ఆ ఫోటో గేలిని చూపించడం లేదని ఫోటోలోంచే తేల్చి చూపించు, సాయంత్రం లోపల. అప్పుడు సవరణేమిటి, నేనే కామా బాబుకి ఫోన్ చేస్తాను" అన్నాడు. జూమ్ దా తన లెన్సు తుడుచుకుంటూ నవ్వాడు.

నేను శాస్త్రీయంగా మొదలుపెట్టాను. ఇంటికొచ్చి అద్దం ముందు నిలబడి ఓసారి "ఆమెన్" అని, ఓసారి "ఆపు" అని, నోటి ఆకారాల్లో తేడా పట్టుకోవాలని చూశాను. రెండింట్లోనూ నాకు కనిపించింది నా కొండనాలికే. "ఏటే, గొంతు నొప్పా? ఉప్పు నీల్లు పుక్కిలించు" అని మా నాన్న కేకేసి, వెంటనే "నీల్లెక్కడివి గాని, ఉప్పు సప్పరించు" అన్నాడు. లాభం లేదని ఫోటో ఫోనులో పెట్టుకుని గోల్‌బజార్‌కి పోయాను, నిష్పాక్షికమైన ప్రజాభిప్రాయం కోసం. చేపలమ్మే దీదీ చూడగానే, "ఇది బేరం. ఇంతకి మించి పైసా ఇవ్వనంటోంది, ఆ చెయ్యి నాకు తెలుసు" అంది. బట్టల కొట్టాయన "పైన అరలో ఉన్న ఆ ఎర్రచీర తియ్యమంటోంది" అన్నాడు. ఆటో దాదా అయితే మారుమాట లేకుండా "ఈమె పిలిస్తే నేను బండి ఆపేవాణ్ణి" అన్నాడు. ఎవరి వృత్తిని బట్టి వాళ్ళకి మా అత్త కనపడింది. గేలి అని ఒక్కరూ అనలేదని సంబరపడ్డాను. తీరా ఆలోచిస్తే ఆమెన్ అని కూడా ఒక్కరూ అనలేదు.

ఎండకి వాడిపోయి అత్త ఇంటికి చేరాను. ఆవిడ అప్పుడే బజారు నుంచి వచ్చి, కాళ్ళకి చెప్పులతోనే అరుగు మీద కూలబడి విసురుకుంటోంది. "అత్తా, నిజం చెప్పు. ఆమెనే అన్నావా?"

"మరేటంటాను, ఆలుగడ్డ అంటానేటే?"

"ఎలా అన్నావో ఒక్కసారి చూపించు."

"ఊరికే అనే మాటేటి అది?" అని కసిరింది గాని, నా ముఖం చూసి జాలిపడింది. "ఆయన, నీల్లు మన హక్కు అన్నాడు. అనీసి ఆగినాడు. నాను..." అంటూ, మాట పూర్తి చేసే ముందు, తనకి తెలియకుండానే మూడు పనులు చేసింది. కాళ్ళు ఆడించి చెప్పులు వదిలేసింది. పైట చెంగు తల మీదకి లాక్కుంది. కళ్ళు మూసుకుంది. అప్పుడు చెయ్యెత్తి "ఆ...మెన్!" అంది. ఎదురింటి మేక ఉలిక్కిపడింది. నేను ఆవిడ బుగ్గ మీద ముద్దు పెట్టి, ఇందా వైపు పరుగు తీశాను. వెనక నుంచి "ఎండదెబ్బ తగిలినాదే పిల్లకి!" అని మైకు మోగుతూనే ఉంది.

ఆఫీసులో జూమ్ దా చేత కత్తిరించని అసలు ఫోటోలన్నీ కంప్యూటర్లో తెరిపించాను. "చూడండి, తల మీద కొంగు. మా ఆడవాళ్ళు ప్రార్థనలోనే ఇలా వేసుకుంటారు" అన్నాను.

"ఎండ" అన్నాడు ప్రూఫ్ దా.

"కళ్ళు మూసుకుని ఉన్నాయి. గేలి చేసేవాళ్ళు ఎవరిని గేలి చేస్తున్నారో చూడరా?"

"రెప్ప పడి ఉంటుంది" అన్నాడు జూమ్ దా. నోరు తెరిచిన ప్రతి ఫోటోలోనూ కళ్ళు మూసే ఉన్నాయని చూపిస్తే, "కొంతమందికి ఫోటోల్లో అంతే దీదీ, వాళ్ళ పెళ్ళి ఆల్బమ్ చూడు, అందులోనూ నిద్రపోతూనే ఉంటారు" అన్నాడు.

"సరే, కిందకి జరపండి. కాళ్ళు చూపించండి" అన్నాను. వెబ్‌సైటు ఫోటోలో నడుము దగ్గర కత్తిరించేసిన భాగం తెర మీదకి వచ్చింది. పరిచిన టార్పాలిన్ మీద మా అత్త వట్టి కాళ్ళు. ఆవిడ వెనక స్త్రీల సమాజం కాళ్ళు, అన్నీ వట్టివే. టార్పాలిన్ అంచున వాళ్ళ చెప్పులు, చర్చి గుమ్మం ముందు విడిచినట్టే, జంటలు జంటలుగా బుద్ధిగా వరసకట్టి ఉన్నాయి. అదే టార్పాలిన్ మీద పక్కనే కూర్చున్న మగవాళ్ళంతా బూట్లతోనూ చెప్పులతోనూ ఉన్నారు. మట్టి కొట్టుకుపోయిన ఆ టార్పాలిన్ మీద చెప్పులు విప్పాలని ఇంకెవరికీ తోచలేదు.

ప్రూఫ్ దా కళ్ళజోడు పైకి తోసుకుని తెరకి ముక్కు ఆనించేంత దగ్గరికి వచ్చాడు. "జుట్టు నెరిసేదాకా సభలు చూశాను" అన్నాడు చివరికి. "గేలి చేసేవాడి చెప్పు కాలి నుంచి ఊడిందంటే చేతిలోకి రావాలి. ఇలా వరసలోకి పోదు. ఇది గేలి కాదు." జూమ్ దా వైపు తిరిగి, "ఇక నుంచి కాళ్ళు కోసేస్తే నీ జీతం కోస్తాను" అని, కామా బాబుకి ఫోన్ కలిపాడు.

కామా బాబు స్వయంగా మా ఆఫీసుకి వచ్చాడు. తెర మీద చెప్పుల వరసని చూశాడు, మా అత్త ముఖాన్ని చూశాడు. "అంటే, ఈమె, నా మాటకి, ఆమెన్ అందా?" అని కామాలన్నీ పెట్టి అడిగాడు. అవునన్నాను. ఆయన ముఖం రసగుల్లాలా ఉబ్బింది. ఇన్నేళ్ళ ఉపన్యాసాల్లో తన మాటకి చప్పట్లు పడ్డాయి గాని ఎవరూ కళ్ళు మూసుకుని చెయ్యెత్తలేదట. సాయంత్రానికి సవరణ పడింది, పూర్తి ఫోటోతో సహా. (చెప్పులు అందరికీ కనపడేలా వేశారని మా లైనులో ఇద్దరు నా మీద అలిగారు, అరిగిపోయినవి వేసుకెళ్ళిన రోజే ఫోటో పడాలా అని.) సోమవారం అర్జీలో మా లైను పేరే మొదట ఉంది. కామా బాబు అత్త ఇంటికొచ్చి టీ తాగి, తర్వాతి సభలో కూడా ముందు వరసలోనే కూర్చోవాలని కోరాడు. "వస్తాను బాబూ, రాకేటి" అంది అత్త. ఆదివారం చర్చిలో పావురాలు లేచిపోవడం నేను కళ్ళారా చూశాను, పాస్టరుగారి ముఖంలో వెలుగు కూడా. సంతోషంతో నాకు కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి, దాచుకోను.

కథ ఇక్కడితో ముగిస్తే నేను గొప్పదాన్నే. కానీ జూమ్ దా తీసిన వాటిల్లో ఒక ఫోటో నాకు బాగా నచ్చి ఫోనులో దాచుకున్నాను. అదే సభ, అదే అత్త. నోరు మూసుకుని, చెంపకి చెయ్యి ఆనించుకుని, కళ్ళు విప్పార్చి వేదిక వైపు చూస్తోంది. ఎంతో ప్రశాంతంగా ఉంది. పనికిరాదని జూమ్ దా చెరిపేయబోతే అడిగి తీసుకున్నాను. దాన్ని ఫ్రేమ్ కట్టించి ఇద్దామని, "అత్తా, ఇందులో ఎంత శ్రద్ధగా వింటున్నావో చూడు" అని చూపించాను.

అత్త ఫోను దూరంగా పట్టుకుని చూసి, గట్టిగా నవ్వింది. "ఇదా! వారం రోజుల్లో కుళాయిలు పొంగిస్తాను అన్నాడే, అప్పుడిది."

"అయితే?"

"అయితేటి? అనీసి ఆగినాడు. అందరికన్నా ఎక్కువసేపు ఆగినాడు. నాను ఆమెన్ అనలేదు. మా సమాజం ఒక్కర్తీ అనలేదు. మొన్న కూటంలో పాస్టరుగారి మొకం సూసినావు గదా? ఆమెన్ కోసం ఆగినోడికి ఆమెన్ పడకపోతే అంతకంటే గేలి ఏటుంటాదే పిచ్చి మొకమా?"

నేను ఫోను వైపు, అత్త వైపు మార్చి మార్చి చూశాను. ఆ రోజు ఆ సభలో నాయకుణ్ణి ఓ మహిళ గేలి చేసిన మాట నిజమేనన్నమాట. ఆ ఫోటో కూడా ఉంది, అదీ నా దగ్గరే ఉంది, లోకంలో నిజం తేల్చే భారం మోస్తున్న నా దగ్గరే. ప్రూఫ్ దాకి చెప్పాలా అని ఆఫీసు మెట్ల మీద కాసేపు నిలబడి ఆలోచించాను. మూసిన నోటికి ప్రూఫ్ కోథాయ్ అంటాడని తోచి, టీ చెప్పడానికి వెళ్ళిపోయాను.

నీళ్ళు వారంలో రాలేదు. వానలు వెళ్ళాక, కొత్త పైపులు పడ్డాక వచ్చాయి. మొదటి ధార పడ్డ పొద్దున్న అత్త బిందె పెట్టి, చెప్పులు విప్పి, కొంగు తల మీదకి లాక్కుంది. ఆ కేకకి లైనంతా బిందెలతో బయటికొచ్చింది.

ఇప్పుడు నేను కోల్‌కతాలో ఒక పెద్ద ఆఫీసులో ఫోటోలు సరిచూసే పనిలో ఉన్నాను. మెడలో కార్డు బరువు ఇప్పుడు మెడనొప్పిగా మాత్రమే తెలుస్తోంది. నోరు తెరిచిన ఫోటో ఏదొచ్చినా ముందు కాళ్ళు చూపించమంటాను, కొత్తగా చేరిన పిల్లలు ఈవిడకి కాళ్ళ పిచ్చి అనుకుంటారు. మొన్న మా పై అధికారి అందరినీ కూర్చోబెట్టి, వచ్చే ఏడాదికి మనకి పని తగ్గుతుంది, జీతం పెరుగుతుంది అని చెప్పి, చిరునవ్వుతో చాలాసేపు ఆగాడు. ఆ ఫోటో ఆఫీసు పత్రికలో పడింది. ముందు వరసలో నేను, చెంపకి చెయ్యి ఆనించుకుని, నోరు మూసుకుని ఉన్నాను. కింద ఎవరో కొత్త పిల్ల ఎంతో మర్యాదగా టైపు చేసింది: 'శ్రద్ధగా వింటున్న సీనియర్ ఉద్యోగిని.' ఆ ఫోటో అత్తకి పంపాను. ఒక్క నిమిషంలో ఫోన్ మోగింది. "ఒలే," అంది మైకత్త, ఆ గొంతుకి నా చుట్టూ కూర్చున్నవాళ్ళంతా తలెత్తారు, "పాపం, ఆ మనిసినేటే అంతలా గేలి సేసీసినావు?"